పేరు తెలుసు... తీరు తెలియదు

ఎయిడ్స్ ఎలా వస్తుందని డిగ్రీ కుర్రాణ్ని అడిగితే నాలుగు కారణాలూ గడగడా ఒప్పజెబుతాడు. సురక్షితం కాని లైంగిక సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. దోమ కుడితే వస్తుందా అంటే మాత్రం నీళ్లు నములుతాడు. రాదు. ఒకే కంచంలో తిన్నా రాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వారిలో ఈ జబ్బు గురించి సమగ్రంగా తెలిసినవారు మగవారిలో నూటికి 31 మంది, ఆడవారిలో 22 మంది. అంతే.

మన దేశంలో తొలి కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు మందు అందక ఎన్నో ఇళ్లు గుల్లయ్యాయి. ప్రభుత్వం 2004లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. నేటి డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఆ తర్వాత పుట్టినవారే. ఆ చావులు వారు చూడలేదు. భయం పోయింది, దాని స్థానంలో జాగ్రత్త రాలేదు.

పల్లె వదిలి పట్నంలో గది తీసుకున్న పిల్లలకు కొత్త స్నేహాలు, చేతిలో ఫోను. మందుల దుకాణంలో కండోమ్ అడగడానికి సిగ్గు. పైగా మనిషి ఆరోగ్యంగా కనిపిస్తే జబ్బు లేనట్టేనన్న నమ్మకం. హెచ్ఐవీ సోకినా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. డిసెంబరు 1న ర్యాలీలో నినాదాలు చేసిన పిల్లలకు కూడా ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పరు. ఇంట్లో అసలు ఆ మాటే ఎత్తరు.

తప్పటడుగు పడ్డాక కొందరు మర్నాడే పరీక్ష చేయించుకుని, లేదని తేలిందని సంబరపడతారు. సోకిన వెంటనే పరీక్షలో బయటపడదు. కొన్ని వారాలు పడుతుంది. మూడు నెలలకు మళ్లీ చేయించుకుంటే అనుమానం తీరుతుంది. ఈలోగా 72 గంటల్లోపు వైద్యుని కలిస్తే, అవసరమనుకుంటే సోకకుండా 28 రోజుల మందులిస్తారు. ఎంత త్వరగా వెళితే అంత మేలు.

ఆడపిల్లలకు మరో బెంగ. ఆస్పత్రి మెట్లెక్కితే ఎవరి కంట పడతామోనని. ప్రభుత్వాస్పత్రి ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యం. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఒకరి ఫలితం బయటపెట్టరాదు. సోకిందని కళాశాల నుంచి వెళ్లగొట్టడానికీ వీల్లేదు. మందులు రోజూ వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థితికి తెచ్చుకున్నవారు మామూలుగా చదువుకోవచ్చు, పెళ్లీ చేసుకోవచ్చు. వారి నుంచి భాగస్వామికి సోకదు.

సందేహం ఎవరినీ అడగలేనివారు 1097కు ఫోన్ చేయవచ్చు. ఖర్చు ఉండదు, పేరు చెప్పనక్కర్లేదు.