సంస్కృతి ఆధారిత నివారణ

యువత మద్యం, పొగాకు, మత్తుమందుల జోలికి పోకుండా చేసే పాఠాలను వారి సమాజపు విలువలు, బంధుత్వాలు, ఆచారాల పునాదిపై నిర్మించడమే సంస్కృతి ఆధారిత నివారణ. ఇది ముఖ్యంగా అమెరికా నగరాల్లోని ఆదివాసీ యువత సందర్భంలో వినిపిస్తుంది. 1956 నాటి పునరావాస చట్టం అనేక కుటుంబాలను రిజర్వేషన్లనే ఆదివాసీ ప్రాంతాల నుంచి పట్టణాలకు తరలేలా ప్రోత్సహించింది. ఇప్పుడు అమెరికా ఆదివాసుల్లో ఎక్కువమంది పట్టణవాసులే. ఒకే తరగతిలో వేర్వేరు తెగల పిల్లలుంటారు కనుక ఏ ఒక్క తెగ సంప్రదాయమో అందరికీ సరిపోదు.

అరిజోనాలో రూపుదిద్దుకున్న ‘లివింగ్ ఇన్ టూ వరల్డ్స్’ పాఠ్యక్రమం ఇలాంటి నివారణకు మంచి ఉదాహరణ. అంతకుముందున్న ‘కీపిన్ ఇట్ రియల్’ పాఠ్యక్రమం నాలుగు మార్గాలు నేర్పేది: నిరాకరించడం, కారణం చెప్పడం, తప్పించుకోవడం, వెళ్లిపోవడం. వాటిని ఆదివాసీ పిల్లల జీవితానికి తగ్గట్టు మలిచారు. మత్తుపదార్థం చేతికిచ్చేది చాలాసార్లు అన్నో, పెదనాన్న కొడుకో అవుతాడు. బంధువుకు ముఖం మీద ‘వద్దు’ అనడం అపరిచితుడికి చెప్పినంత తేలిక కాదు. అసలు కష్టం ఇక్కడే. అందుకే బంధం చెడకుండా తప్పుకునే పద్ధతులకు ప్రాధాన్యం. పుస్తకంలో ఆదివాసీ గుర్తుగా ఈకల బొమ్మలు వేసినంత మాత్రాన ఈ మార్పు రాదు.

పొగాకు విషయం మరింత సున్నితం. అనేక తెగల ప్రార్థనల్లో అది పవిత్రం. అందుచేత పాఠాలు ఆచారంలోని పొగాకును, దుకాణంలోని సిగరెట్టును వేరుచేసి చూపాలి.