కొండ ఎక్కితే రక్తంలో చక్కెర తగ్గుతుందా?

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. లడాఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. రెండుచోట్లా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. అయితే లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి పీడనంలో దాదాపు మూడింట రెండు వంతులే. కాబట్టి ప్రతి శ్వాసతోనూ అందే ఆక్సిజన్ తగ్గుతుంది. దీనికీ రక్తంలోని గ్లూకోజుకూ సంబంధమేమిటి?

విమానంలో ఒక్కసారిగా లేహ్ చేరిన మనిషి శరీరం దీన్ని ఆపదగా భావిస్తుంది. ఎడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. వాటి ప్రభావంతో కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. అందువల్ల మొదటి కొద్ది రోజులు చక్కెర తగ్గడానికి బదులు పెరగవచ్చు.

అక్కడే నివసించేవారి సంగతి వేరు. పెరూ దేశపు ఆండీస్ పర్వతవాసుల్లో పరగడుపు గ్లూకోజు తీరవాసుల కంటే తక్కువగా ఉన్నట్లు పరిశీలనల్లో తేలింది. కారణమేమిటి? ఒక లీటరు ఆక్సిజన్‌తో కొవ్వును మండిస్తే సుమారు 4.7 కిలో కేలరీలు, గ్లూకోజును మండిస్తే సుమారు 5 కిలో కేలరీలు లభిస్తాయి. ఆక్సిజన్ కరువైనచోట గ్లూకోజే పొదుపైన ఇంధనమన్నమాట.

ఈ మార్పు వెనుక 'హిఫ్' అనే ప్రోటీను ఉంది. ఆక్సిజన్ సమృద్ధిగా ఉంటే కణాలు దీన్ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తాయి. ఆక్సిజన్ తగ్గితే అది నిలిచి, కణాలు గ్లూకోజును ఎక్కువగా గ్రహించేలా చేస్తుంది. ఎర్ర రక్తకణాల ఉత్పత్తినీ పెంచుతుంది. మైటోకాండ్రియా లేని ఈ కణాలకు గ్లూకోజే ఆధారం. వాటి సంఖ్య పెరిగితే గ్లూకోజు ఖర్చూ పెరుగుతుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే తీరును వివరించినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే కొండగాలి మధుమేహానికి మందు అనుకోరాదు. పర్వతవాసులకూ మధుమేహం వస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు అమర్‌నాథ్ వంటి యాత్రలకు వెళ్లినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఎక్కువ నడిచి, ఆకలి లేక సరిగా తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తలనొప్పి, నీరసం, తడబాటు ఎత్తు వల్లనూ వస్తాయి, చక్కెర తగ్గినా వస్తాయి. ఏది కారణమో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కొన్ని గ్లూకోమీటర్లు చలిలోనూ, ఎత్తులోనూ తప్పు చూపవచ్చు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా, కొత్త ఎర్రకణాలు ఎక్కువగా పుడుతున్న సమయంలో అసలు కంటే తక్కువ చూపవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్‌ను, అది తిరిగి కరిగినా, వాడరాదు.

కాబట్టి ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి సంప్రదించి, మందుల మోతాదు నిర్ణయించుకోవాలి. కొండ మీద శరీరం కొత్త లెక్కలు వేసుకుంటుంది. ఆ లెక్కలు తేలడానికి దానికి కొంత వ్యవధి ఇవ్వాలి.