అన్‌లిమిటెడ్ అన్నారు, మూడు రోజుల్లో ఆపేశారు!

మా ఫ్రెండ్స్ బ్యాండ్ ఓ గంట ఆల్బమ్ రికార్డ్ చేసింది. పాటలు రాసిందీ, పాడిందీ వాళ్లే. అందరికీ ఫ్రీగా ఇద్దామనుకున్నారు. సైట్ పని నాకు అప్పగించారు. 'అన్‌లిమిటెడ్' అని ఊరించిన ఓ చవక హోస్టింగ్ ప్లాన్ కొన్నాను. మూడో రోజే అకౌంట్ సస్పెండ్! షరతులు అప్పుడు చదివా: ఆడియో ఫైళ్ల పంపిణీకి వాడకూడదట.

లెక్కేస్తే విషయం అర్థమైంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే గంటకు 144 ఎంబీ. 500 మంది డౌన్‌లోడ్ చేస్తే 72 జీబీ! స్టోరేజ్ కొంచెమే, భారమంతా బ్యాండ్‌విడ్త్‌దే.

చివరికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాం. 1996లో మొదలైన ఈ లాభాపేక్ష లేని సంస్థ అప్‌లోడ్‌కీ, డౌన్‌లోడ్‌కీ డబ్బులు అడగదు. ఫ్లాక్ ఫైల్ ఇస్తే ఎంపీ3 తనే తయారు చేస్తుంది.

"రేపు ఎవరైనా మన పాట అమ్ముకుంటే?" అన్నాడు మా డ్రమ్మర్. అందుకే క్రియేటివ్ కామన్స్‌లో బై-ఎన్‌సీ లైసెన్స్ ఎంచుకున్నాం. అంటే పేరు చెప్పి పంచుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు.

ఒక్క జాగ్రత్త: ఒకసారి ఇచ్చిన ఈ లైసెన్స్‌ని వెనక్కి తీసుకోలేం. అప్‌లోడ్ నొక్కేముందు బ్యాండ్‌లో అందర్నీ అడగండి.