కాగితం లేదని జబ్బు ఆగదు



ఆ మధ్య మన ఓ.పి.కి నెలలు నిండిన ఒక గర్భిణి వచ్చింది. వెంట తొమ్మిదేళ్ల కూతురు. చీటీ రాసేచోట ఆధార్ అడిగేసరికి తల్లి లేచి వెళ్లిపోబోయింది. పోలీసులకు చెబుతామేమోనని ఆమె భయం. సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ముందు బి.పి. చూద్దామమ్మా, కాగితాల సంగతి తర్వాత" అన్నది. బి.పి. చాలా ఎక్కువగా ఉంది. ఆ పూట ఇంటికి వెళ్లిపోయి ఉంటే తల్లికీ, బిడ్డకూ ప్రాణాపాయమే.

వీరు ఎవరు?

ఆమె మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుండి వచ్చిన రోహింగ్యా స్త్రీ. 1982 నాటి పౌరసత్వ చట్టం వల్ల వీరిలో అత్యధికులు సొంత దేశంలోనే పౌరులు కాకుండా పోయారు. 2017లో జరిగిన హింసకు ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే వచ్చినవారితో సహా, మన హైదరాబాదులో బాలాపూర్ చుట్టుపక్కల చాలా కుటుంబాలు గుడిసెల్లో బ్రతుకుతున్నాయి.

సలహా ఎక్కడ దొరుకుతుంది?

1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టం కూడా లేదు. అందుచేత మయన్మార్ వంటి దేశాల నుండి వచ్చినవారి పేర్లను ఢిల్లీలో కార్యాలయం ఉన్న ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ నమోదు చేసి, విచారించి, కార్డు ఇస్తుంది. ఈ కార్డు ఆధార్‌కు బదులు కాదు, ప్రభుత్వం ఇచ్చిన అనుమతీ కాదు. ఆ సంస్థ సేవలన్నీ ఉచితం. కార్డు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

న్యాయవాది అవసరమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాదు, ప్రతి మనిషికీ ఉందని 1996లో సుప్రీం కోర్టు చెప్పింది. అత్యవసర స్థితిలో వచ్చినవారికి ముందు వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యతని 1989లోనే తీర్పు ఇచ్చింది.

మేము నేర్చుకున్నది

ఆ రోజు మేము ఒక తప్పు చేశాము. తల్లికి మన భాష రాదు. బస్తీలో ఉర్దూ నేర్చుకున్న కూతురి చేతనే రక్తస్రావం గురించి, పాత కాన్పుల గురించి అడిగించాము. ఒక బిడ్డ దారిలో చనిపోయిన సంగతి ఆ పిల్ల నోటి నుండే విన్నాము. పసిపిల్ల మోయవలసిన మాట కాదది. ఇప్పుడు అటువంటి రోగులు వస్తే భాష తెలిసిన పెద్ద స్త్రీని పిలిపిస్తున్నాము.

మీరు చేయగలిగినవి

1. మీ వీధిలో ఇటువంటి గర్భిణి ఉంటే మొదటి నెలల్లోనే పరీక్షకు తీసుకురండి.
2. పిల్లల టీకా కార్డు, పాత మందుల చీటీలు, శరణార్థి కార్డు నకలు ఒకే సంచిలో దాచుకోమనండి.
3. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.
4. వారు ఎక్కడివారో, ఎలా వచ్చారో పదిమందిలో అడగవద్దు. వారి వివరాలు బయట చెప్పవద్దు.

ఆ తల్లికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశాము. ఇద్దరూ క్షేమం. వెళ్లేటప్పుడు పాపకు టీకా కార్డు ఇచ్చాము. తల్లి దాన్ని కొంగులో ముడి వేసుకుంది. ఆ పాప పేరు రాసి ఉన్న మొదటి కాగితం అదే.