టూల్ పాస్ చేసినంత మాత్రాన అందినట్టేనా?

వెబ్‌సైట్ దివ్యాంగులకు అందుతోందా అన్నది తేల్చాల్సింది దాన్ని పరీక్షించే టూల్ ఇచ్చే మార్కులు కాదు, పని పూర్తయిందా లేదా అన్నదే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటకముందు మిచాంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ఆనుకునే కదిలింది. అలాంటి రోజున ఆ తీరంలోని మైపాడులోనో జువ్వలదిన్నెలోనో ఉన్న చూపులేని మనిషికి ఫోనులోని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే హెచ్చరిక చేరినట్టు.

అపోహ: ఆటోమేటిక్ టూల్ తప్పుల్లేవంటే చాలు.

వాస్తవం: బొమ్మకు వివరణ ఉందా లేదా అన్నది టూల్ చెబుతుంది, ఆ వివరణ సరైనదా అన్నది చెప్పలేదు. తుపాను దారి చూపే పటానికి 'వాతావరణ చిత్రం' అని రాసినా పాస్ చేసేస్తుంది. తుపాను ఎటు వస్తోందో మాత్రం విన్నవారికి తెలియదు. 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం కావాలనే లోపాలతో ఒక పేజీ తయారుచేసి టూల్స్‌తో పరీక్షిస్తే, ఏ ఒక్కటీ సగం లోపాలు కూడా పట్టలేకపోయింది. అలాగని టూల్స్ దండగ కాదు, మొదటి వడపోతకు అవి కావాలి. ఆ తర్వాత మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ కీతో ఫారం నింపాలి, స్క్రీన్ రీడర్‌తో విని చూడాలి, చివరగా దివ్యాంగుల చేతే వాడించాలి.

అపోహ: తెలుగు పీడీఎఫ్ పెడితే అందరికీ అందినట్టే.

వాస్తవం: స్కాన్ చేసిన కాగితం స్క్రీన్ రీడర్‌కు ఒట్టి బొమ్మ. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టినది కంటికి చక్కటి తెలుగే అయినా, చెవికి అర్థంలేని అక్షరాల గోల. యూనికోడ్‌లోనే ఉన్నా, పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పకపోతే ఇంగ్లిష్ గొంతు దాన్ని చదవబోయి తడబడవచ్చు. ఈ తేడా కంటితో చూసే పరీక్షలో బయటపడదు.

అపోహ: కొద్దిమంది కోసం ఇంత ఖర్చు అనవసరం.

వాస్తవం: 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. పైగా మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలన్న అంతర్జాతీయ ప్రమాణం పాటిస్తే, ఎండలో ఫోను చూసే మత్స్యకారుడికీ మేలే. చిన్న కార్యాలయాలకు డబ్బెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, యూనికోడ్‌లో టైపు చేయడానికి అదనపు ఖర్చు లేదు. పాత సైటును తిరగరాయడానికే నిజంగా డబ్బు కావాలి. కాబట్టి హెచ్చరికలు, పింఛన్ల పేజీలతో మొదలుపెట్టాలి. ఇది దయతో చేసే పనీ కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పటికప్పుడు ఆడిట్ జరగాలనీ, పరీక్షలో చూపులేనివారినీ కూర్చోబెట్టాలనీ ఆదేశించింది. టూల్ నివేదిక ఒక్కటే చూపించి చేతులు దులుపుకోవడానికి ఇక వీల్లేదు.