ఇంటి దిగులు – పసిబిడ్డ యెదుగుదల

పసిబిడ్డకు పాలు, నిద్ర, పరిశుభ్రత యెంత యవసరమో మన గృహిణులకు మరల చెప్పనక్కఱలేదు. నూనె యంటి, నలుగుపెట్టి, కాళ్లపై పరుండబెట్టుకొని నీళ్లుపోయు నేర్పు మన యిండ్లలో తల్లినుండి కూతునకు వచ్చుచునే యున్నది. కాని యీ నేర్పుల లెక్కలోనికి రాని యాహార మొకటి బిడ్డకు రేయింబవళ్లు అందుచుండును. అది యింటి పెద్దల ముఖము. విశాఖపట్టణము వంటి యూరిలో ఆ ముఖములను వికసింపజేయునదియు, వాడ్చునదియు ఓడరేవు, ఉక్కు కర్మాగారము, చేపలవేట. కావున మేము తల్లిదండ్రులని సామాన్యముగ ననక, ఈ యూరి తల్లిదండ్రులను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము.

ఉక్కు కర్మాగారమునకు 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు శంకుస్థాపన గావించిరి. 1992వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. అందలి మూడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు. పేర్లు ఆడువారివి, మండుచున్నంతకాలము వానికి విశ్రాంతి లేదు. (ఈ సంగతి మా పాఠకురాండ్రకు వింతగ తోచదు.) కొలిమిని మాపున ఆర్పి వేకువను వెలిగించుటకు వీలుకాదు గనుక మనుష్యులే షిఫ్టులు మాఱుచుందురు: ఉదయము ఆఱింటికి, మధ్యాహ్నము రెండింటికి, రాత్రి పదింటికి.

గాజువాకలో నొక రెండుగదుల యద్దె యింటిని తలచుకొనుడు. రాత్రి షిఫ్టు ముగించుకొని యేడింటికి వచ్చిన తండ్రి యింత తిని పండుకొనును. బిడ్డకు పదునెనిమిది నెలలు. గిన్నెపై గరిటెతో కొట్టి ఆ చప్పుడునకు తానే నవ్వు వయస్సు. తల్లి గరిటె లాగికొని, "ష్! నాన్నగారు పడుకున్నారు" అనును. వాడేడ్చును. ఏడ్పు మాన్పుటకు సెల్‌ఫోను చేతికిచ్చును. మధ్యాహ్నము రెండింటివఱకు ఇల్లంతయు గుసగుసలే. ఇందు తల్లి తప్పేమియు లేదు. నిద్రలేని మనిషి కరిగిన యినుము దగ్గఱ నిలుచుట యెంత ప్రమాదమో ఆమె యెఱుగును. కాని ఆ గుసగుసల పూటలన్నియు ఎవరి లెక్కనుండి తీసివేయబడుచున్నవో కూడ తెలిసికొనవలెను గదా.

పుట్టినప్పుడు శిశువు మెదడు పెద్దవారి మెదడులో రమారమి నాలుగవ వంతుండును. ఏడాది నిండునప్పటికి అది యించుమించు రెండింతలగును. మూడేండ్లకు పెద్దవారి మెదడులో 100కి 80 పాళ్లు వచ్చును. అది గుమ్మడికాయవలె ఊరక లావగుట కాదు. అందలి కణములు ఒకదానితో నొకటి ముడిపడుచుండును. తరచుగ వాడుకలోనికి వచ్చు ముడి గట్టిపడును, వాడనిది వీడిపోవును. బిడ్డ ఊకొట్టును, తల్లి ఊకొట్టును. బిడ్డ కాకిని వ్రేలితో చూపును, తల్లి దానికి పేరు చెప్పును. ఈ యిచ్చిపుచ్చుకొనుటయే ముడులు బిగించు పని. దీనికి ఖర్చులేదు. చేతులకు తీరిక లేకున్నను జరుగును. మనస్సునకు తీరిక లేకున్న జరుగదు.

భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వడిగ కొట్టుకొనును. రక్తములో చక్కెర పెరుగును. ఆపద తప్పించుకొనుటకు ఇది మేలే. టీకా సూది గ్రుచ్చినప్పుడు బిడ్డ గుక్కపట్టి యేడ్చును, తల్లి ఱొమ్మున కదుముకొనును, కొంచెము సేపటికి అంతయు చల్లబడును. ఇట్టి యేడ్పు వలన హాని లేదు. హాని చేయునది యెడతెగని కలత: దినదినము కేకలు, దెబ్బలు, పలుకరించు దిక్కులేకుండుట. అప్పుడా రసములు తగ్గవలసినప్పుడు తగ్గవు. జ్ఞాపకశక్తికి, ఓర్పునకు, కోపము నణచుకొనుటకు సంబంధించిన మెదడు భాగములు దానిచే చెడును. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున శిశువికాసమును పరిశీలించువారు దీనిని విషతుల్యమైన ఒత్తిడి యనుచున్నారు. అయితే అంతే కష్టము వచ్చినను, బిడ్డ ప్రక్కన నిలుకడగల పెద్దమనిషి యొక్కరున్నచో అది విషముగ మాఱకపోవచ్చునని కూడ వారే చెప్పుచున్నారు. పాఠకురాండ్రు ఈ రెండవ మాటను మఱువరాదు.

నిలుకడ యనగా నేమి? 1970 దశకమున ఎడ్వర్డు ట్రానిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేసెను. తల్లి తన నెలల బిడ్డతో కొంతసేపు నవ్వుచు ఆడును. పిమ్మట రెండు మూడు నిమిషములు, మొగము కదపక, మాటాడక, ఊరక బిడ్డవైపు చూచుచుండును. బిడ్డ మొదట నవ్వును, చేతులు చాపును, కేకవేసి పిలుచును. ఏదియు పనిచేయకున్నచో ముఖము త్రిప్పుకొని, క్రుంగి, యేడ్చును. తిట్టలేదు, కొట్టలేదు, బదులు మాత్రము లేదు. దిగులుపడిన తల్లి ముఖము ఇట్లే యుండునుగదా. అయితే ఆయన పరిశీలనలలో తేలిన మఱొక సంగతి తల్లులకు ఊఱట కలిగించును. ఎంతో మక్కువగల తల్లీబిడ్డలలో సైతము ఒకరికొకరు సరిగా అందుట మూడింట నొకవంతు సమయమే. తక్కిన కాలమంతయు తప్పిపోవుట, మరల దిద్దుకొనుట. ఆ దిద్దుబాటే బిడ్డకు ధైర్యము నేర్పును. రోజంతయు చిఱునవ్వుతో నుండు తల్లిని ఎవరును కోరుటలేదు. విసుగుకొనిన తరువాత మరల దగ్గఱకు తీసికొనుటే కావలసినది.

ఇది అమెరికా మాట యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2002వ సంవత్సరమున ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములతోబాటు ఆనాటి ఆంధ్రప్రదేశమునందును 'యంగ్ లైవ్స్' అను పరిశోధన ప్రారంభమయ్యెను. మన రాష్ట్రమున ఏడాది ప్రాయపు శిశువులు సుమారు 2,000 మంది అందు చేరిరి. ఎంచుకొనిన జిల్లాలలో మన పొరుగుననున్న శ్రీకాకుళ మొకటి. తల్లులను 20 ప్రశ్నలు అడిగిరి: నిద్ర పట్టునా, తఱచు తలనొప్పి వచ్చునా, మామూలు కంటె హెచ్చుగ ఏడ్పు వచ్చునా అని. 2005లో వెలువడిన ఫలితముల ప్రకారము మన తల్లులలో 100కి 30 మందికి మనోవ్యాకులత గలదు. అట్టి తల్లుల బిడ్డలలో, వయస్సునకు తగిన యెత్తు పెరుగనివారు ఎక్కువ. రెంటికిని పేదఱికమే మూలము గావచ్చునని కొందఱందురు. దానిని లెక్కలోనికి తీసికొనిన పిమ్మటను ఆ సంబంధము మన దేశమున మిగిలియే యున్నది. తల్లి దిగులు బిడ్డ యెముకలలోనికి దిగుననుట అతిశయోక్తి కాదు.

విశాఖకు దిగుళ్లు కొత్త కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఇండ్ల కప్పులు లేపివేసెను. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీను వాయువు వెడలి 12 మంది ప్రాణములు గొనెను. బిడ్డలను భుజాన వేసికొని తల్లులు చీకటిలో పరుగెత్తిరి. ఇవి భయంకరములే. కాని మా యభిప్రాయమున, ఒక్క రాత్రి వచ్చిపోవు ఉపద్రవము కంటె ఏండ్లకొలది గుమ్మములో కూర్చుండు భయము పసివారికి కీడెక్కువ. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారమునందలి తన వాటాలన్నింటిని విక్రయించుటకు కేంద్రప్రభుత్వము నిశ్చయించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది. ఈ నడిమి నాలుగేండ్లలో పుట్టిన శిశువులు, తండ్రి యుద్యోగమును గూర్చిన మాటలను పాలతోబాటు త్రాగిరి. శాశ్వతోద్యోగుల యిండ్లలో ఇది చింత. ఒప్పందపు కార్మికుల యిండ్లలో పూటబత్తెపు ప్రశ్న. జాలరిపేటలలో ఈ ప్రశ్న యేటేట వచ్చును: ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవలు సముద్రముపైకి పోరాదు.

ఇంకొక నష్టమును ఎవరును లెక్కకట్టలేదు. కర్మాగారముకొఱకు ఎన్నో పల్లెలు ఖాళీయయ్యెను. కుటుంబములకు ఆర్-కార్డులు వచ్చినవి. ఉద్యోగములు అందఱికిని రాలేదు. పల్లెలో ఒక యరుగుపైనుండి మఱియొక యరుగుపైకి బిడ్డ చేతులు మాఱుచుండెడిది. తల్లి యలసినపుడు పిన్నమ్మయో, మేనత్తయో ఎత్తుకొనెడిది. ఆ యరుగులు పోయినవి. నాలుగు గోడల నడుమ ఒక్క తల్లి, ఒక్క బిడ్డ, గోడమీద షిఫ్టుల పట్టిక మిగిలినవి.

మఱి చేయదగిన దేమి? జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరమున 1980 దశకమున, ఎదుగుదల తగ్గిన 129 మంది పసివారిలో కొందఱి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకు ఒక గంటసేపు, రెండేండ్లపాటు వెళ్లిరి. చేతితో చేసిన బొమ్మలు తీసికొనిపోయి బిడ్డతో ఎట్లు ఆడవలెనో, మాటాడవలెనో తల్లికి చూపిరి. ఇరువదేండ్ల పిమ్మట విచారింపగ ఆ పిల్లల సంపాదన, అట్టి సహాయము లేనివారి కంటె 100కి 25 పాళ్లు ఎక్కువగ నుండెను. మన అంగన్‌వాడీలలో గ్రుడ్లు, పాలు ఇచ్చుచున్నారు, మంచిదే. తల్లితో కూర్చుండి మాటాడు ఆ గంట కూడ కావలెనని మహిళాసంఘములు అడుగవలెను.

ఇంటిలో చేయదగినవి చిన్నవి. అత్తగారు వంట తాను చూచి కోడలిని రెండు గంటలు నిద్రపోనిచ్చిన, అది మనుమనికి పెట్టిన ఉగ్గుతో సమానము. రాత్రి షిఫ్టు వారములో బిడ్డను ఉదయము ప్రక్కింటికో, అంగన్‌వాడీకో, నీడపట్టున వీధి చివరకో తీసికొనిపోయినచో వాడు అరవవచ్చును, తండ్రి నిద్రింపవచ్చును. నెలలు గడచినను దిగులు తీఱక, బిడ్డను ముట్టుకొన బుద్ధిపుట్టని తల్లిని "పొగరు" అని గాని "గాలి సోకినది" అని గాని అనరాదు. అది చికిత్సకు లొంగు వ్యాధి. పురుడు పోసికొనిన ఘోషా ఆసుపత్రిలోనే సిగ్గుపడక చెప్పుకొనవచ్చును. చినవాల్తేరున ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగున మాటాడుదురు. భర్త త్రాగివచ్చి కొట్టు నింట మాత్రము, బిడ్డతో నవ్వుచు ఆడుకొమ్మని మేము చెప్పజాలము. అచ్చట మొదట కావలసినది రక్షణ. మహిళల సహాయమునకు 181 గలదు.

ఇక తండ్రులు. ఉదయపు షిఫ్టు వారమున వారు మూడింటికి ఇల్లు చేరుదురు. సాయంకాలమంతయు వారి చేతిలోనిదే. బిడ్డకు అన్నము తినిపించుట, నీళ్లుపోయుట, అప్పికొండ తీరమున ఇసుకలో కూర్చుండబెట్టుట మగవానికి చేతగాని పనులు కావు. రాత్రి షిఫ్టు వారమున ఆ గరిటె నెవరు లాగికొన్నను, ఈ వారము తండ్రియే దానిని తీసి బిడ్డ చేతికీయవచ్చును.