బాతు పిల్లల పెట్టెలో తడి ఎక్కడి నుంచి వస్తుంది?

బదిలీ మీద డెలానీపూర్ వచ్చిన కొత్తలో ఇంట్లో దండెం మీద వేసిన బట్టలు మూడు రోజులకు కూడా ఆరేవి కావు. ఏడాదికి సుమారు 3000 మి.మీ. వాన పడే ఊరు ఇది. నైరుతి వెళ్లిందనుకునేలోపే ఈశాన్యం అందుకుంటుంది. అలాంటి ఊళ్లో, అదీ జూలైలో, హాల్లో ఒక మూల అట్టపెట్టె పెట్టి పన్నెండు బాతు పిల్లల్ని పెంచుదామనుకున్నాను. ఎనిమిది రోజుల్లో ఐదు చచ్చిపోయాయి.

సరదా కోసం తెచ్చినవి కావు. కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషణకు, చేపల పెంపకానికి కూడా విస్తరిస్తున్నట్టు 2018-19 బడ్జెట్‌లో ప్రకటించాక కోళ్లు, బాతులు పెంచేవాళ్ల దరఖాస్తులు మన శాఖలకు రావడం మొదలైంది. ఇక్కడ ఆ కాగితాలు నా బల్ల మీదకే వస్తాయి. బాతు పిల్లను ఒక్కసారైనా చేతిలోకి తీసుకోని మనిషిని బాతుల యూనిట్ మంచిదో కాదో తేల్చడమేమిటని నాకే సిగ్గనిపించింది. మా అమ్మాయి కూడా ఎప్పటినుంచో అడుగుతోంది. దాంతో ఖాకీ కాంప్‌బెల్ పిల్లల్ని తెచ్చాం.

పెట్టెలో అడుగున న్యూస్‌పేపర్లు పరిచి, పళ్లెంలో నీళ్లు పెట్టి, పైన అరవై వాట్ల బల్బు వేలాడదీశాను. గంటలో కాగితాలు ముద్దయ్యాయి. మార్చాను. మళ్లీ ముద్దయ్యాయి. నున్నటి కాగితం మీద జారి రెండు పిల్లల కాళ్లు పక్కలకు చాపుకుపోయాయి. కాగితం తీసేసి సన్నటి రంపపు పొట్టు పోస్తే దాన్ని మేత అనుకుని తినబోయాయి. రోజుకు మూడుసార్లు శుభ్రం చేస్తున్నా పొద్దున లేచేసరికి హాలంతా ఘాటు వాసన. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయడం లేదు.

శ్రీకాకుళం వైపు నుంచి చాలా ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ మన ఖాతాదారు. పాస్‌బుక్ వేయించుకోవడానికి వచ్చినప్పుడు నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ నన్నడిగింది ఒక్కటే: “నీళ్లు ఎక్కడెట్టావు బాబూ?” పెట్టె మధ్యలో అన్నాను. “మంచం మధ్యలో బిందె పెట్టుకుని పడుకుంటామా?” అని నవ్వింది.

కోడిపిల్ల నీళ్లు తాగుతుంది. బాతు పిల్ల తాగడంతో ఆగదు. ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోవాలి. నోట్లో మేత పెట్టుకుని నీళ్ల దగ్గరికి పరుగెత్తి తడిపి మింగుతుంది. ముక్కు అటూ ఇటూ విదిలిస్తుంది. అందువల్ల నీళ్లు తగ్గించడం పరిష్కారం కాదు. మేత ఉన్నంతసేపూ నీళ్లుండాలి, లేకపోతే పొడి మేత గొంతులో అడ్డం పడుతుంది. దానికి తోడు బాతు రెట్టలో తొంభై శాతం దాకా నీరే. ఆ తడి పొట్టులో చేరి, బల్బు వేడికి మగ్గి, అమ్మోనియా పుడుతుంది. మన ముక్కు ఐదడుగుల ఎత్తున ఉంటే, పిల్ల ముక్కు నేలకు రెండంగుళాల ఎత్తున ఉంటుంది. వాసన చూడాలంటే మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలోకి తల పెట్టాలి. నిలబడ్డ మనిషికే ఘాటు తెలిసిందంటే పిల్లలకు అప్పటికే ఆలస్యమైనట్టు. పైగా తల్లి లేకుండా పెరిగే పిల్లల నూగు ఇట్టే తడుస్తుంది. తడిసిన పిల్లకు చలి పడుతుంది. నా ఐదింటిలో మూడైనా అలా పోయినవేనని నా లెక్క.

మిగిలిన ఏడింటికీ పెట్టె మార్చాను. అట్ట బదులు లోతైన పెద్ద ప్లాస్టిక్ టబ్బు తెచ్చాను. దానిలో ఒక చివర మూడో వంతు జాగా నీళ్లకు కేటాయించాను. అక్కడ అంచులున్న ట్రే, దానిమీద చెక్క ఫ్రేముకు బిగించిన అరంగుళం కళ్ల ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద నీళ్ల డబ్బా. ఒలికినదంతా జాలీలోంచి ట్రేలోకి పోతుంది. నీళ్లకు పాత పెరుగు డబ్బా చాలు. పక్కన తల పట్టేంత కంతలు చేసి, మూత బిగించాను. తల ముంచుతాయి, దిగి ఈదలేవు. మేత గిన్నెను జాలీ అంచునే పెట్టాలి. దూరంగా పెడితే నోట్లోంచి కారే నీళ్లు దారి పొడవునా పడతాయి. బల్బు రెండో చివర. పడక, వెచ్చదనం ఒక పక్క, నీళ్లు ఇంకో పక్క. ఆ పూటనుంచే తేడా కనిపించింది.

పొడి వైపు మూడంగుళాల మందాన చిత్రిక పొట్టు వేశాను. ఛాథంలో 1883 నుంచి రంపపు మిల్లు ఉన్న ఊరిది, వడ్రంగుల దగ్గర పొట్టుకు కరువు లేదు. మందు పూసిన కర్రది కాదని అడిగి తెచ్చుకోవాలి, బూజు వాసన వస్తే వదిలేయాలి. బూజు పొట్టు వల్ల పిల్లల ఊపిరితిత్తులు చెడతాయి. పొద్దున, సాయంత్రం ట్రే పారబోసి కడగడం, పొట్టును గుప్పిట్లో పిండి చూడడం, ఉండకట్టిన చోట తీసేసి కొత్తది వేయడం. పది నిమిషాల పని. వారానికోసారి పిల్లల్ని వేరే పెట్టెలోకి మార్చి, టబ్బు పూర్తిగా ఖాళీ చేసి సబ్బుతో కడిగాక బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. రెట్టతో నానిన పొట్టు మీద మాత్రం బ్లీచింగ్ చల్లకూడదు. అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది, అదీ ఇంట్లో.

వేడి మొదటి వారం 30–32 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. ఇక్కడి వాతావరణానికి రెండు వారాలు దాటాక పగలు బల్బే అక్కర్లేకపోయింది. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద కుప్పపడితే చలి, గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే ఉక్క. బల్బును దాని వైరు మీదే వేలాడదీయకుండా గొలుసుతో కూడా కట్టండి. కింద ఉన్నది ఎండు పొట్టు.

తడి మేతలోనూ దాక్కుంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. బూజు పట్టిన వేరుశెనగ పిండి మేతలో ఉందని తర్వాత తేలింది. అఫ్లాటాక్సిన్ అలా బయటపడింది. ఆ విషానికి బాతు పిల్లలు మరీ త్వరగా లొంగిపోతాయి. మన ద్వీపాలకు మేత బస్తాలు ఓడ మీద వస్తాయి, వచ్చాక ఈ చెమ్మలో నిలవుంటాయి. నేను వారానికి సరిపడా మాత్రమే కొని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోస్తున్నాను. ముద్దకట్టిన మేతను ఎండబెట్టి వాడదామని చూడొద్దు, బూజు విషం ఎండకు పోదు.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా. టబ్బు వంటింట్లో ఉండకూడదు. ట్రేను వంటింటి సింకులో కడగకూడదు. ఆరోగ్యంగా కనిపించే పిల్లల్లోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు. పిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మా అమ్మాయికి అలవాటు చేయడం, జాలీ చేయడం కంటే కష్టమైంది.

ఇప్పుడు తనిఖీకి వెళ్తే పిల్లల సంఖ్య కంటే ముందు నీళ్ల డబ్బా ఎక్కడుందో చూస్తున్నాను. దరఖాస్తుల్లో పిల్లల ఖరీదు, మేత, షెడ్డు రాస్తారు. పొట్టు, జాలీ, ట్రే ఎవరూ రాయరు. అడిగి రాయిస్తున్నాను. ఆ నాలుగు వందలు లేకే వేల రూపాయల పిల్లలు పోతాయి.

ఏడు పిల్లలూ బతికాయి. ఐదో వారం చివర, ఈకలు వచ్చాక, ఆ పెద్దావిడ తన పెరట్లోకి తీసుకెళ్లింది. టబ్బు, జాలీ కడిగి బాల్కనీలో బోర్లించాం. ఎండ కోసం చూస్తున్నాం.